గ్యాసా, గుండెనా? ఛాతీ నొప్పి వచ్చిన మొదటి గంటల్లో ఏం చేయాలి

“బాపుకి ఎద పట్టేసినట్టుంది, చెమటలు పోస్తున్నయ్. గ్యాస్ అనుకోవాల్నా, గుండె అనుకోవాల్నా?” వరంగల్ చుట్టుపక్కల నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. దీనికి జవాబు ఇంట్లో దొరకదు, ఫోన్లో నేనూ చెప్పలేను. ఈసీజీ కాగితం చెబుతుంది. అదీ తేల్చకపోతే రెండో ఈసీజీ, రక్త పరీక్ష చెబుతాయి. ఏ రోగమో తేల్చే బాధ్యత మీది కాదు. మనిషిని ఈసీజీ మిషన్ దగ్గరికి తొందరగా చేర్చడం మాత్రం పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది.

సిద్ధాంతం కొంచెమే చెబుతాను. గుండెకు రక్తం తెచ్చే నాళంలో పేరుకున్న కొవ్వు చిట్లి, దాని మీద రక్తం గడ్డ కడుతుంది. గడ్డ నాళాన్ని పూర్తిగా మూసేస్తే సాధారణంగా ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తుంది. దాన్ని స్టెమీ అంటారు. కొంతవరకే మూసుకుపోతే ఎస్‌టీ అలా లేవదు గానీ రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) పెరుగుతుంది, అది ఎన్‌స్టెమీ. ట్రోపోనిన్ కూడా పెరగకపోతే అన్‌స్టేబుల్ ఆంజైనా. మూడింటినీ కలిపి డాక్టర్లు అక్యూట్ కరోనరీ సిండ్రోమ్ అంటారు. ఈ మూడు పేర్లు గుర్తుంటే ఆస్పత్రిలో జరిగేదంతా అర్థమవుతుంది.

ఇంట్లో ముందే ఉండాల్సినవి

- మామూలు ఆస్పిరిన్ గోలీలు. డిస్ప్రిన్ 325 ఒకటి చాలు, ఎకోస్ప్రిన్ 75 అయితే నాలుగు కావాలి. ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి.
- పాత ఈసీజీ, పాత డిశ్చార్జ్ కాగితాలు ఒకే కవర్లో. ఫోన్లో వాటి ఫోటోలు.
- రోజూ వాడే మందుల చీటీ. ఏదైనా మందు పడదంటే అది పెద్ద అక్షరాలతో.
- ఆధార్, రేషన్ కార్డు.
- దగ్గర్లో రాత్రిపూట కూడా ఈసీజీ తీసే ఆస్పత్రి ఏది, క్యాథ్‌ల్యాబ్ (మూసుకుపోయిన గుండె నాళాన్ని బెలూన్, స్టెంట్‌తో తెరిచే గది) ఉన్న ఆస్పత్రి ఏది, వాటి క్యాజువాలిటీ నంబర్లు.

చివరిది చాలామంది చేయరు. నొప్పి వచ్చాక వెతికితే గూగుల్‌లో కనిపించే నంబరు అపాయింట్‌మెంట్ కౌంటర్‌ది అవుతుంది. ఈ వారమే ఒకసారి ఫోన్ చేసి అడిగి రాసుకోండి.

1. ఏ నొప్పిని గుండెనొప్పిగా తీసుకోవాలి

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు, మండినట్టు ఉండి 10 నిమిషాలు దాటినా తగ్గకపోతే, ఎడమ చెయ్యో రెండు చేతులో గుంజితే, దవడకో మెడకో వీపుకో పాకితే, చల్లటి చెమట, దమ్ము, వాంతి, కళ్లు తిరగడం తోడైతే ఇక ఆలోచించకండి. నొప్పి తక్కువగా ఉన్నా సరే. చెమట విపరీతంగా పోస్తుంటే 10 నిమిషాలు కూడా ఆగొద్దు.

షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో, ఆడవాళ్లలో అసలు ఛాతీ నొప్పే ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేని నీరసం, పై కడుపులో బరువు, వాంతులు, అంతే. “అమ్మకి పొద్దుటి నుంచి ఒకటే అలసటగా ఉందంట” అన్న మాటను ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. అమ్మకి పదేళ్లుగా షుగర్ ఉంటే పట్టించుకోండి.

పత్తి ఏరి వచ్చాక, ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు ఎత్తాక వచ్చిన నొప్పిని ‘కండ పట్టింది’ అని తీసేయడం ఇక్కడ చాలా చూస్తాం. వేలితో నొక్కితే నొప్పి ఉంటే కండరం, లేకపోతే గుండె అనే లెక్క కూడా నమ్మొద్దు. గుండెపోటు వచ్చిన కొందరికి నొక్కినా నొప్పి ఉంటుంది. ఈనో తాగితే తేన్పు వచ్చి కాస్త తేలికైనంత మాత్రాన గుండెపోటు కాదని కాదు.

2. కూర్చోబెట్టండి, టైమ్ రాయండి, 108కి చేయండి

నడిపించకండి. మెట్లు దిగనివ్వకండి. దిండుకు ఆనించి సగం కూర్చున్నట్టు ఉంచండి. నొప్పి ఎన్నింటికి మొదలైందో కాగితం మీదో, అరచేతి మీదో రాయండి. ఆస్పత్రిలో అందరూ అడిగేది ఇదే. హడావుడిలో ఇంట్లోవాళ్లు తలా ఒక టైమ్ చెబుతారు.

108కి ఫోన్ చేసినప్పుడు ‘గుండెనొప్పి, చెమటలు’ అని మొదటి మాటలోనే చెప్పండి. ఊరు, మండలం, దగ్గర్లోని గుర్తు చెప్పి, అంబులెన్స్ ఎక్కడుందో అడగండి. హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో అయితే ఆగడమే మేలు. తాడ్వాయి, మంగపేట లాంటి చోట్ల బండి దూరంలో ఉందంటే కారులో బయల్దేరి, అంబులెన్స్‌ని ఎదురు రమ్మని అడగండి. వెనక సీట్లో రోగి పక్కన ఒకరు ఉండాలి. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవడం మాత్రం వద్దు. దారిలో స్పృహ తప్పితే పట్టుకోలేరు. రోగి తానే డ్రైవ్ చేయడం అంతకంటే ఘోరం.

స్పృహ తప్పితే: పిలిచినా పలక్క, ఊపిరి ఆడకపోతే, లేదా ఆగి ఆగి గుటకలు వేసినట్టు ఆడుతుంటే గుండె ఆగినట్టే లెక్క. గట్టి నేల మీద పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్యన రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి వేసి, కనీసం 5 సెంటీమీటర్లు (6 దాటకుండా) దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వండి. మనుషులుంటే రెండేసి నిమిషాలకు మారండి. 108 వచ్చేదాకా ఆపొద్దు. నోట్లో నీళ్లు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల పోయేది సమయమే.

3. ఆస్పిరిన్ నమిలించండి

మొత్తం సుమారు 300 మిల్లీగ్రాములు. డిస్ప్రిన్ 325 అయితే ఒకటి, నమలొచ్చు, కొంచెం నీళ్లలో కరిగించి తాగించొచ్చు. ఎకోస్ప్రిన్ 75 అయితే నాలుగు గోలీలు బాగా నమిలించాలి. వాటి మీద పేగులో కరిగే పూత ఉంటుంది, అలాగే మింగితే పనిచేయడం ఆలస్యమవుతుంది.

ఇవ్వకూడని వాళ్లు: ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తపు వాంతులో నల్లటి విరేచనాలో అవుతున్నవాళ్లు, మూతి వంకరపోయి లేదా చెయ్యి పడిపోయి ఉన్నవాళ్లు, డెంగీతో ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు. నొప్పి ఒక్కసారిగా వీపును చీల్చినట్టు మొదలైతే కూడా ఆగండి. అది పెద్ద రక్తనాళం చీలడం కావచ్చు, అక్కడ ఆస్పిరిన్ హాని చేస్తుంది. అనుమానం ఉంటే 108లో ఉన్నవాళ్లను అడిగి ఇవ్వండి.

పారాసెటమాల్, డైక్లోఫినాక్, కాంబిఫ్లామ్ దీనికి బదులు కావు.

4. సార్బిట్రేట్ విషయంలో ఆగండి

గుండెనొప్పి రాగానే మూడు రకాల గోలీలు వేసుకోమంటూ వాట్సాప్‌లో తిరిగే ‘మూడు గోలీల కిట్’ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఆస్పిరిన్ వరకు సరే. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌ని మాత్రం గుండె డాక్టరు మీకు ముందే రాసిస్తేనే వాడండి. అది బీపీని దించుతుంది. గుండె కుడి గదికి దెబ్బ తగిలిన అటాక్‌లో అయితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, అది ఏ రకం అటాకో ఈసీజీ లేకుండా మీకు తెలియదు. పై బీపీ 100 కంటే తక్కువుంటే వద్దు. వయాగ్రా లాంటి సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు కాకపోతే వద్దు, టడలాఫిల్ అయితే 48 గంటలు. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. కొడుకు ముందు తండ్రి చెప్పడు, కాబట్టి నర్సుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

గట్టిగా దగ్గితే గుండె నిలబడుతుందన్న మెసేజ్, కారం నీళ్లు తాగించమనే మెసేజ్ డిలీట్ చేసేయండి.

5. కండకు ఇంజెక్షన్ వేయించొద్దు

ఊళ్లో ఆర్‌ఎంపీ మంచివాడే కావచ్చు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ ఛాతీ నొప్పికి పిరుదు మీద డైక్లోఫినాక్, గ్యాస్ ఇంజెక్షన్ వేసి “పొద్దున చూద్దాం” అంటే అక్కడే నష్టం జరుగుతుంది. తర్వాత ఆస్పత్రిలో గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు, ఆ సూది దిగిన చోట లోపల రక్తం కారి వాస్తుంది. నొప్పి మందులు గుండెకూ మంచివి కావు. ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్లాల్సి వస్తే బీపీ చూడమనండి, ఆస్పిరిన్ ఇవ్వమనండి, బండి మాట్లాడమనండి. చాలు. ఇప్పటికే సూది వేసి ఉంటే ఆస్పత్రిలో దాచకండి.

6. ఏ ఆస్పత్రికి వెళ్లాలి

ఇక్కడ పొరపాట్లు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మూసుకుపోయిన నాళాన్ని తెరవడానికి రెండు దారులు. ఒకటి, క్యాథ్‌ల్యాబ్‌లో బెలూన్, స్టెంట్. రెండోది, గడ్డ కరిగించే ఇంజెక్షన్: టెనెక్టెప్లేజ్ లేదా స్ట్రెప్టోకైనేజ్. బెలూన్ మెరుగైనది, కానీ స్టెమీ అని తేలిన 120 నిమిషాల్లోపు అది జరిగే వీలుంటేనే దాని కోసం వెళ్లాలి. వీలులేకపోతే ఉన్నచోటే, 30 నిమిషాల లోపల ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత పంపాలి. ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇస్తారు, మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది.

దీన్ని మన దూరాలకు అన్వయించుకోండి. మీరు హన్మకొండలోనో వరంగల్‌లోనో ఉంటే నేరుగా క్యాథ్‌ల్యాబ్ ఉన్నచోటికే వెళ్లండి, మధ్యలో ల్యాబులో ఈసీజీ, క్లినిక్‌లో చీటీ అంటూ ఆగొద్దు. ములుగు వరంగల్‌కు 50 కిలోమీటర్ల దూరం, ఫోన్ చేసి నిర్ణయించుకోవచ్చు. ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైమాటే, ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఈసీజీ తీయించి, అవసరమైతే అక్కడే ఇంజెక్షన్ తీసుకుని కదలాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. ఆదిలాబాద్‌లోనే ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి రిమ్స్‌ని దాటుకుని పోవడం అంటే గుండె కండరాన్ని దారిలో వదులుకుంటూ పోవడమే.

‘పెద్దాస్పత్రి’ మీద మనకున్న మోజు ఇంకో సమస్య. వరంగల్ నుంచే నేరుగా హైదరాబాద్ బయల్దేరేవాళ్లున్నారు. దాదాపు 150 కిలోమీటర్లు, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ అదనం. ఈసీజీ కూడా తీయించకుండా ఆ ప్రయాణం చేయొద్దు.

దారిలోంచే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: క్యాథ్‌ల్యాబ్ ఇప్పుడు నడుస్తోందా? కార్డియాలజిస్ట్ ఇప్పుడు ఉన్నారా, పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? ఆరోగ్యశ్రీ కింద గుండె కేసు తీసుకుంటారా? వరంగల్‌లోని ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎం అయినా, కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ) ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ అయినా, ప్రైవేటు అయినా ఇవే ప్రశ్నలు. మంగళవారం మధ్యాహ్నం వచ్చే జవాబు వేరు, ఆదివారం రాత్రి వచ్చే జవాబు వేరు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు. కౌంటర్‌లో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర ఉంటారు. ఎమర్జెన్సీలో వైద్యం మొదలుపెట్టి కాగితాలు తర్వాత పూర్తి చేయొచ్చు. ఒకరు రోగి దగ్గర, ఒకరు కౌంటర్ దగ్గర ఉంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

7. ఈసీజీ: సరిగ్గా తీశారా, సరిగ్గా చదివారా

ఆస్పత్రిలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, డాక్టరు చూడాలి. ఓపీ చీటీ లైన్లో నిలబడకండి, క్యాజువాలిటీలోకి వెళ్లి “ఛాతీ నొప్పి, ఈసీజీ కావాలి” అనండి. కాగితం మీద పేరు, టైమ్, అప్పుడు నొప్పి ఉందా లేదా రాయించండి. ఫోటో తీసుకోండి, నీడ పడకుండా, 12 లీడ్లూ కనిపించేలా.

పీహెచ్‌సీల్లో పనిచేసే సిస్టర్లు, మెడికల్ ఆఫీసర్లు కూడా ఇది చదువుతారని తెలుసు. వాళ్ల కోసం:

- లీడ్ 1లో అన్నీ తలకిందులుగా, ఏవీఆర్‌లో నిటారుగా కనిపిస్తే చేతుల వైర్లు మారాయేమో ముందు చూడండి.
- పక్కపక్క రెండు లీడ్లలో 1 మిల్లీమీటరు ఎస్‌టీ లేచినా లెక్కే. వీ2, వీ3లో మాత్రం 40 దాటిన మగవాళ్లకు 2, అంతకంటే చిన్నవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5.
- లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లో లేస్తే కుడివైపు వీ4ఆర్ తీయకుండా నైట్రేట్ జోలికి పోవద్దు.
- వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ దిగి ఉంటే వీపు వైపు వీ7, వీ8, వీ9 పెట్టి చూడండి. వెనక గోడ స్టెమీ ఇలాగే తప్పిపోతుంది.
- మిషన్ మీద అచ్చయ్యే ‘నార్మల్’ అన్న మాటను నమ్మి ఇంటికి పంపొద్దు.
- ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గితేనే పెట్టండి. అందరికీ అక్కర్లేదు.

మొదటి ఈసీజీ మామూలుగా ఉండి నొప్పి మాత్రం తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. ఇంటివాళ్లు అడగాల్సింది కూడా ఇదే: “నొప్పి ఇంకా ఉంది, ఇంకోసారి తీస్తారా?” అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

8. స్టెమీ అన్నారు. ఇప్పుడు?

ట్రోపోనిన్ రిపోర్టు కోసం, ఎకో (గుండె స్కానింగ్) కోసం ఆగాల్సిన పని లేదు. ఎస్‌టీ స్పష్టంగా లేచి, నొప్పీ ఉంటే అదే చాలు. ‘రిపోర్ట్ రానీయండి’ అని గంట ఆపుతుంటే కారణం అడగండి.

ఇంజెక్షన్ ఇచ్చేముందు డాక్టరు కొన్ని అడుగుతారు. నిజం చెప్పండి: ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, ఈ మధ్య పక్షవాతం వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, పెద్ద ఆపరేషన్ జరిగిందా, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటివి వాడుతున్నారా, గతంలో స్ట్రెప్టోకైనేజ్ తీసుకున్నారా. దాన్ని ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ అదే ఇవ్వరు. బీపీ 180/110 దాటి ఉంటే ముందు దించాలి. టెనెక్టెప్లేజ్ బరువును బట్టి ఒకే డోసు, 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములతో మొదలై 90 కిలోలు దాటితే 50 వరకు. 75 ఏళ్లు దాటినవాళ్లకు సగం డోసు ఇస్తారు. కాబట్టి బరువు సుమారుగానైనా సరిగ్గా చెప్పండి.

సంతకం అడిగినప్పుడు “మా పెద్దన్న కరీంనగర్ నుంచి రావాలి” అనొద్దు. పెద్దన్నకు ఫోన్లో చెప్పండి, సంతకం మీరు పెట్టండి.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది: ఇంజెక్షన్ ఇచ్చిన 60 నుంచి 90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీయాలి. లేచిన ఎస్‌టీ సగానికి పైగా దిగి, నొప్పి తగ్గితే నాళం తెరుచుకున్నట్టు. దిగకపోతే వెంటనే క్యాథ్‌ల్యాబ్‌కి పంపాలి, పొద్దున దాకా ఆగకూడదు. తగ్గినా సరే, 24 గంటల లోపల యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష) చేయించాలి. ‘ఇంజెక్షన్‌తో తగ్గిపోయింది కదా’ అని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఎందరో. గడ్డ కరిగింది, దాని కింద కొవ్వు అలాగే ఉంది. ఇంజెక్షన్ తర్వాత విపరీతమైన తలనొప్పి, మాట తడబడటం, మత్తు కనిపిస్తే పక్కనున్న సిస్టర్‌ని వెంటనే పిలవండి.

9. స్టెమీ కాదు అన్నారు. అప్పుడూ ఇంటికి పోవద్దు

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎన్‌స్టెమీకి ఇవ్వరు, మేలు కంటే కీడే ఎక్కువ. ‘పక్క బెడ్ ఆయనకి ఇచ్చారు, మాకెందుకివ్వరు’ అని గొడవ పడొద్దు. ఇక్కడ ట్రోపోనిన్ ముఖ్యం. నొప్పి మొదలైన గంటలోపే చేసిన పరీక్ష నెగెటివ్ వస్తే దానికి విలువ లేదు, రక్తంలోకి రావడానికి దానికి కొన్ని గంటలు పడుతుంది. కార్డు మీద చేసే పరీక్ష అయితే మొదటిదానికి 3 నుంచి 6 గంటల తర్వాత మళ్లీ చేయాలి. కిడ్నీ జబ్బున్న వాళ్లలో అది మామూలుగానే కొంచెం ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి రెండు సంఖ్యల మధ్య తేడా చూస్తారు.

నొప్పి ఆగకపోయినా, బీపీ పడిపోయినా, ఆయాసం పెరిగినా ఎన్‌స్టెమీకి కూడా అప్పటికప్పుడే యాంజియోగ్రామ్ కావాలి. మిగతా వాళ్లలో ప్రమాదం ఎక్కువున్న వాళ్లకు 24 గంటల లోపల చేయడం మేలు.

10. డిశ్చార్జ్ రోజు

చీటీలో ఇవి ఉన్నాయో లేదో చూడండి: ఆస్పిరిన్ 75, దానికి జతగా క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ పెద్ద డోసులో. గుండె పంపింగ్‌ని, బీపీని బట్టి ఇంకో రెండు మూడు ఉంటాయి. లేకపోతే ఎందుకు లేదో అడగండి. ఆస్పిరిన్‌కి జతగా ఇచ్చే రక్తం పలచబరిచే రెండో మందు మామూలుగా 12 నెలలు, ఎప్పటిదాకానో తేదీతో రాయించుకోండి. ఆస్పిరిన్ చాలామందికి జీవితాంతం. ఎకో రిపోర్టు, యాంజియో సీడీ అడిగి తీసుకోండి.

స్టెంట్ వేశాక మొదటి నెలల్లో ఈ రెండు గోలీలు ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. పన్ను తీయించడానికి, ఆకు మందు మొదలుపెట్టడానికి, చేతిలో డబ్బుల్లేక, ఏ కారణంతోనైనా సొంతంగా ఆపొద్దు. డబ్బుల ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పండి, జెనరిక్‌లో తక్కువ ధరకు దొరికేవి రాస్తారు. గ్యాస్ పట్టి మానేశామంటారు కొందరు. దానికి తోడు వేరే గోలీ ఇస్తారు, ఇది మానాల్సిన పని లేదు.

బీడీ, గుట్కా మానాలి, తగ్గిస్తే చాలదు. ఇంట్లో వారానికోసారి బరువు, బీపీ రాయండి. గుండె బలహీనమైందని చెప్పిన వాళ్లయితే బరువు రోజూ చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగి, కాళ్లు వాచి, పడుకుంటే దమ్ము వస్తుంటే తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. చెడు కొవ్వు ఎల్‌డీఎల్‌ని 4 నుంచి 8 వారాలకు ఒకసారి చేయించి చూపించండి. 70 కంటే కిందికి, వీలైతే 55 కిందికి రావాలి. రాకపోతే డోసు మార్చాలి. రిపోర్టులో ‘నార్మల్ రేంజ్’ అని పక్కన అచ్చయి ఉన్న అంకె గుండె జబ్బు లేనివాళ్ల కోసం, మీ కోసం కాదు.